పేపర్లు పెట్టాక మూడు నెలలు: పేరు పోకుండా కంపెనీ మారడం ఎలా

మొన్న మా టీమ్‌లో ఒక ఖాళీకి ఇంటర్వ్యూలు చేస్తున్నాం. ఒక అబ్బాయి బ్రహ్మాండంగా చెప్పాడు, అడిగినవాటికి తడుముకోలేదు, తెలియనిదాన్ని తెలియదని కూడా అన్నాడు. ప్యానెల్‌లో నేనూ ఇంకొకాయనా వెంటనే ఓకే అనేశాం. మూడో ఆవిడ మాత్రం రెజ్యూమెలో పాత కంపెనీ పేరు చూసి, "నేనూ అక్కడే చేశానండీ, ఈ అబ్బాయిది పక్క టీమ్. పని బాగానే చేసేవాడు కానీ, వెళ్లేటప్పుడు..." అని ఆగిపోయింది. చెడుగా ఒక్క మాట అనలేదు, ఆ "కానీ" దగ్గర ఆగింది, అంతే. ఆఫర్ ఇంకొకరికి వెళ్లింది. ఆ అబ్బాయికి ఇప్పటికీ కారణం తెలిసి ఉండదు, జీతం ఎక్కువ అడిగానేమో అనుకుంటూ ఉంటాడు.

హైదరాబాద్ చూడ్డానికి మహానగరమే కానీ ఆఫీసుల లెక్కలో ఇదొక పల్లెటూరు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర నుంచి మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అంటూ ఎంత పెరిగినా అంతా ఒకే ముద్దగా ఉంటుంది, ట్రాఫిక్ లేకపోతే ఈ చివర నుంచి ఆ చివరకి అరగంట. ట్రాఫిక్ లేకపోవడం అనేది ఆదివారం పొద్దున ఆరింటికి మాత్రమే జరుగుతుంది, అది వేరే సంగతి. మీ పాత మేనేజర్ రేపు మీ కొత్త కంపెనీకి క్లయింట్‌గా వస్తాడు, పాత హెచ్‌ఆర్ ఇంకో కంపెనీలో రిక్రూటర్ అవుతుంది, పక్క సీట్లో కూర్చుని మీ చార్జర్ అడిగి తీసుకునే జూనియర్ ఐదేళ్ల తర్వాత మీ ఇంటర్వ్యూ తీసుకుంటాడు. ఇది నిజంగా జరుగుతుంది, నాకు జరిగింది.

మూడేళ్లు మీరు ఎంత కష్టపడ్డారన్నది వాళ్లకి మసగ్గా గుర్తుంటుంది. చివరి మూడు నెలలు ఎలా ఉన్నారన్నది మాత్రం తేదీలతో సహా గుర్తుంటుంది. ఎందుకంటే ఆ మూడేళ్లలో మీకు కంపెనీతో అవసరం ఉంది, హైక్ కావాలి, రేటింగ్ కావాలి. పేపర్లు పెట్టాక, అంటే రాజీనామా చేశాక, ఏ అవసరమూ లేదు. అవసరం లేనప్పుడు మనిషి ఎలా ఉంటాడో చూసి, అసలు మనిషి అదేనని జనం తేల్చేసుకుంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ముందు నా తప్పు చెప్పేస్తాను, లేకపోతే మిగతాదంతా నీతులు చెబుతున్నట్టు ఉంటుంది. 2011లో మాదాపూర్‌లో ఒక చిన్న బీపీవోలో ఎంఐఎస్ రిపోర్టులు, అంటే మేనేజర్లు చూసే లెక్కల రిపోర్టులు, చేసేవాడిని. నెలాఖరుకి నూట నలభై మంది ఏజెంట్ల ఇన్సెంటివ్‌లు లెక్కగట్టే ఎక్సెల్ షీట్ ఒకటి ఉండేది, మాక్రోలన్నీ నేనే రాసి, ఎవరూ చెడగొట్టకుండా పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. వేరే చోట ఆఫర్ వచ్చింది, వాళ్లు వెంటనే రమ్మన్నారు. హైక్ విషయంలో మేనేజర్ మీద కోపం కూడా ఉంది. 24వ తేదీన బ్యాగ్ సర్దుకుని వచ్చేశాను, 28న లెక్కలు పంపాలి. ఫోన్ ఎత్తలేదు. రెండు రాత్రులు టీమంతా కూర్చుని చేత్తో లెక్కలు కట్టారని తర్వాత విన్నాను. విని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వుకి 2017లో బిల్లు వచ్చింది, ఆ సంగతి చివర్లో.

చెప్పకముందు చూసుకోవాల్సినవి

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా పేపర్లు పెట్టకండి. "సెలెక్ట్ అయ్యారు, లెటర్ సోమవారం వస్తుంది" అన్నది ఆఫర్ కాదు. లెటర్ వచ్చాక కూడా జీతం బ్రేకప్, జాయినింగ్ తేదీ, వెరిఫికేషన్ ఫెయిలైతే ఏంటి అన్న లైన్లు రెండుసార్లు చదవండి.

తర్వాత మీ ప్రస్తుత కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్ వెతికి తీయండి. చాలామంది చేరిన రోజు సంతకం పెట్టి మళ్లీ దాని మొహం చూడరు. నోటీస్ ఎన్ని రోజులు, బైఅవుట్‌కి (మిగిలిన నోటీస్ రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లడానికి) ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే బేసిక్ మీద లెక్కా గ్రాస్ మీద లెక్కా అన్నది అందులోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల్లో 90 రోజులు మామూలే, మిగతా చోట్ల నెలా రెండు నెలలు. "నోటీస్‌లో ఎన్ని సెలవులు పెడితే అన్ని రోజులు లాస్ట్ వర్కింగ్ డే ఆలస్యమవుతుంది" అనే రూల్ కూడా చాలా చోట్ల ఉంటుంది, దసరాకో సంక్రాంతికో ఊరెళ్లే ప్లాన్ ఉంటే కొత్త కంపెనీకి తేదీ చెప్పే ముందే లెక్కేసుకోండి.

బాండ్ సంగతి. "బాండ్ ఉత్తిదే అన్నా, కోర్టులో నిలబడదు" అని చాయ్ బండి దగ్గర చెప్పే లాయర్లు మన ఊళ్లో గల్లీకి నలుగురున్నారు. వాళ్లు సగమే చెబుతారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మీరు వెళ్లిపోయాక పోటీ కంపెనీలో చేరకూడదని కట్టడి చేసే షరతు మామూలుగా చెల్లదు, అంతవరకు నిజం. కానీ ఉద్యోగంలో ఉండగా ఇన్నేళ్లు చేస్తాను, మధ్యలో వెళ్తే ఇంత కడతాను అని రాసిచ్చింది వేరే. 2025 మేలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో మూడేళ్ల లోపు వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అన్ని బాండ్లూ అలాగే నిలబడతాయని కాదు, కానీ ఉత్తిదే అనుకుని దూకకండి.

ఇంకొకటి గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసినందుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితే వస్తుంది. లెక్కకు తీసుకునే జీతం నెలకు 40,000 అనుకోండి, దాన్ని 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి, ఐదేళ్లకి దాదాపు 1,15,000 అవుతుంది. నాలుగేళ్ల పది నెలలకి పేపర్లు పెట్టి, రెండు నెలల నోటీసు కూడా బైఅవుట్ చేసుకుని, వెళ్లేరోజు "నా గ్రాట్యుటీ ఏది" అని హెచ్‌ఆర్‌తో గొడవ పెట్టుకున్నవాళ్లని చూశాను. తేదీ చూసుకుని ఉంటే గొడవే లేదు. చివరి నెలలో జరిగే గొడవల్లో సగం ఇలాంటివే, మనం చూసుకోక, తర్వాత ఎదుటివాళ్ల మీద అరిచేవి.

ముందు ఎవరికి చెప్పాలి

మేనేజర్‌కి. ఇంకెవరికీ కాదు, మీతో రోజూ క్యాబ్ షేర్ చేసుకునే ఫ్రెండ్‌కి కూడా కాదు. మీరు మధ్యాహ్నం గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ దగ్గర దోసె తింటూ చెప్పింది సాయంత్రానికి మేనేజర్‌కి చేరుతుంది. ఆయనకి మీరు వెళ్తున్నారన్న బాధకన్నా, తనకి చివర్లో తెలిసిందన్న మంట ఎక్కువ ఉంటుంది. పోర్టల్లో రెజిగ్నేషన్ బటన్ నొక్కేసి ఊరుకోవడం కూడా అంతే. ఆటోమేటిక్ మెయిల్ వెళ్లి ఆయన క్లయింట్ కాల్ మధ్యలో చూసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒక పావుగంట టైమ్ అడగండి. శుక్రవారం సాయంత్రం వద్దు, సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజు అసలే వద్దు. గదిలోకి వెళ్లి చుట్టూ తిప్పకుండా చెప్పండి: "సర్, నాకు వేరే చోట అవకాశం వచ్చింది, వెళ్దామని డిసైడ్ అయ్యాను. ఈరోజు మెయిల్ పెడతాను, ముందు మీకు చెప్పాలనిపించింది. హ్యాండోవర్ ఎలా చేద్దామో మీరు చెప్పండి." పేరు పెట్టి పిలిచే అలవాటుంటే పేరుతోనే పిలవండి, ఆ ఒక్క రోజు కొత్తగా సర్ అంటే ఇంకేదో అనుమానం వస్తుంది. ఎందుకు వెళ్తున్నావంటే నిజమే చెప్పండి కానీ మొత్తం చెప్పనక్కర్లేదు. నాన్నగారికి ఒంట్లో బాగాలేదనీ ఊళ్లో ఉండాలనీ కథలు చెప్పకండి. ఒకతను ఇలాగే తల్లిగారి ఆరోగ్యం పేరు చెప్పి త్వరగా రిలీవ్ చేయించుకుని, పది రోజులకి పక్క బిల్డింగ్ కంపెనీ ట్యాగ్ మెడలో వేసుకుని ఫుడ్ కోర్టులో కనిపించాడు. ఫుడ్ కోర్టు రెండు బిల్డింగులకీ ఒక్కటే మరి.

తర్వాత మెయిల్. నాలుగు లైన్లు చాలు: రాజీనామా చేస్తున్నాను, నోటీస్ ప్రకారం చివరి రోజు ఇది, హ్యాండోవర్ పూర్తిచేస్తాను, థ్యాంక్స్. కారణాలు, కష్టాలు, కన్నీళ్లు అందులో వద్దు. ఆ మెయిల్ మీ ఫైల్లో ఎప్పటికీ ఉండిపోతుంది.

కౌంటర్ ఆఫర్ వచ్చినప్పుడు

"ఎంత ఇస్తున్నారు వాళ్లు? మనమూ ఇద్దాం, ఉండిపో" అంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: జీతం ఒక్కటే కారణమైతే, పేపర్లు పెట్టకముందే ఒకసారి గట్టిగా అడగండి. పేపర్లు పెట్టాక ఇచ్చినదాన్ని తీసుకుంటే పాతవాళ్లకి మీరు "బెదిరిస్తే పెంచాల్సిన మనిషి", కొత్తవాళ్లకి "మాట ఇచ్చి తప్పిన మనిషి", ఒకే దెబ్బకి రెండు చోట్ల పేరు పోతుంది. తీసుకోవద్దని ఒట్టు పెట్టడం లేదు, ఇంట్లో పరిస్థితులు ఎవరివి వాళ్లవి. తీసుకుంటే మాత్రం ఆరోజే కొత్త కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి.

దీనికన్నా పెద్ద జబ్బు ఒకటి మన ఊళ్లో ఉంది. 90 రోజుల నోటీసు ఉంది కదా అని, చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని దాన్ని చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది, అలా ఐదు ఆఫర్లు పోగేసి, చేరాల్సిన రోజు పొద్దున నలుగురి ఫోన్లు ఎత్తకుండా ఐదోదాంట్లో చేరడం. మార్కెట్ బాగున్నప్పుడు ఇది తెలివిలా కనిపిస్తుంది, హాస్టల్ రూముల్లో దీని గురించి గొప్పగా చెప్పుకుంటారు కూడా. కంపెనీలు మాత్రం తక్కువ తిన్నాయా, ఆఫర్ ఇచ్చి జాయినింగ్ వాయిదాలేసి నెలల తరబడి పిల్లల్ని ఊళ్లో కూర్చోబెట్టలేదా అని మీరు అడగొచ్చు. నిజమే. వాళ్లు చేసింది తప్పే. కానీ అక్కడ మీ ఫోన్ కోసం ఎదురుచూసే రిక్రూటర్‌ది కంపెనీ పాలసీ కాదు, ఆవిడ టార్గెట్ పోతుంది, మీ పేరు ఆవిడకి గుర్తుండిపోతుంది. రిక్రూటర్లు కంపెనీలు మారతారు, మీ పేరు కూడా వాళ్లతోపాటే వెళ్తుంది.

ఇంకో ఆఫర్ మంచిది వచ్చిందా? తీసుకోండి. మొదటివాళ్లకి జాయినింగ్‌కి మూడు నాలుగు వారాల ముందే ఫోన్ చేసి "సారీ అండీ, వేరేది తీసుకుంటున్నాను, మీకు ఇబ్బంది అవుతుందని ముందే చెబుతున్నాను" అనండి. నాలుగు మాటలు పడతాయి, పడండి. ఆ రిక్రూటర్ రెండేళ్ల తర్వాత మళ్లీ మీకే ఫోన్ చేస్తుంది. నా మాట నమ్మండి, ఎత్తకుండా పోయినవాళ్లకి చేయదు.

నోటీస్ పీరియడ్, అంటే అసలు పరీక్ష

పేపర్లు పెట్టిన మర్నాటి నుంచి ఒక మత్తు వస్తుంది. పదకొండింటికి లాగిన్, కెమెరా ఆఫ్, చాయ్ బ్రేక్ గంటన్నర. ఎవరూ ఏమీ అనరు కూడా, "వెళ్లేవాడు కదా" అని వదిలేస్తారు. అనకపోవడాన్ని చూడకపోవడం అనుకోకండి.

ఇంకా ఘోరం అబ్‌స్కాండ్ అవ్వడం, అంటే చెప్పాపెట్టకుండా మాయమవడం. సంక్రాంతికి ఊరెళ్తున్నానని చెప్పి విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేట్ దాటినవాడు మళ్లీ లాగిన్ అవ్వడు, ల్యాప్‌టాప్ మాత్రం కొరియర్‌లో వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. ఇలా వెళ్తే రిలీవింగ్ లెటర్ (పని ముగించి వెళ్లారని కంపెనీ ఇచ్చే కాగితం) రాదు, పాత కంపెనీ రికార్డులో అబ్‌స్కాండింగ్ అని పడుతుంది, తర్వాతి ప్రతి వెరిఫికేషన్‌లో ఆ మాట ముందుకొస్తుంది. అక్కడ ఒక్క రోజు కూడా ఉండలేని పరిస్థితే అయితే, వేధింపులో, ఆరోగ్యమో, జీతాలు ఇవ్వకపోవడమో, అప్పుడు కూడా కారణం రాసి మెయిల్ పెట్టి వెళ్లండి. రాసిపెట్టి వెళ్లినవాడి మాట రేపు నిలబడుతుంది, మాయమైనవాడిది నిలబడదు.

ఇక కేటీ, అంటే పని అప్పజెప్పడం. దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పేరు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. అందరూ చేసేదేంటంటే చివరి వారంలో మూడు మీటింగులు పెట్టి, స్క్రీన్ షేర్ చేసి గడగడా చెప్పేసి, రికార్డింగ్ లింక్ పంపేసి అయిపోయిందంటారు. ఆ రికార్డింగ్ ఎవరూ చూడరు.

నేనిప్పుడు చేసే పద్ధతి ఇది. మొదటి వారంలోనే ఒక కాగితం మీద "నాకు మాత్రమే తెలిసినవి" అని రాసుకుంటాను. డాక్యుమెంట్‌లో ఉన్నవి కాదు, లేనివి. ఏ క్లయింట్ మేడమ్ సోమవారం పొద్దున రిపోర్ట్ చూస్తుంది కాబట్టి ఆదివారం రాత్రే పంపాలి, ఏ షీట్‌లో ఫలానా కాలమ్ ఎందుకు దాచిపెట్టాం, 7వ తేదీన ఏం వెళ్లాలి, 20న ఏం వెళ్లాలి, ఫైనాన్స్‌లో పని తొందరగా జరగాలంటే ఎవర్ని అడగాలి. తర్వాత నా ఐడీ ఆగిపోతే ఏవేవి ఆగిపోతాయో చూస్తాను. రాత్రిపూట నడిచే షెడ్యూల్డ్ జాబులు నా పేరు మీద ఉన్నాయేమో, వెండర్ పోర్టల్ ఓటీపీలు నా సొంత ఫోన్‌కి వస్తున్నాయేమో. అకౌంట్స్‌లో ఉన్నవాళ్లయితే జీఎస్టీ పోర్టల్లో, టీడీఎస్ కోసం వాడే ట్రేసెస్‌లో మీ నంబరు, మెయిల్ రిజిస్టర్ అయి ఉన్నాయేమో తప్పకుండా చూసుకోండి. లేకపోతే కొత్త ఉద్యోగంలో చేరాక కూడా ప్రతి నెలా "అన్నా, ఒక ఓటీపీ వచ్చిందా" అని ఫోన్లు వస్తాయి. రెండుసార్లు నవ్వుతూ చెబుతారు, మూడోసారి విసుక్కుంటారు, అక్కడితో మంచి పేరు సగం పోతుంది. పైగా పాత కంపెనీ ఓటీపీలు చెబుతూ కూర్చోవడం మీకూ మంచిది కాదు.

ఆఖరి రెండు వారాలు ఉల్టా కేటీ. అంటే పని మొత్తం కొత్త మనిషి చేస్తుంది, మీరు చేతులు కట్టుకుని పక్కన కూర్చుంటారు. చేతులు కట్టుకోవడం చాలా కష్టం, మౌస్ లాక్కోవాలనిపిస్తుంది, ఓర్చుకోండి. ఆ మనిషి ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మీ డాక్యుమెంట్‌లో కంత ఉందన్నమాట. ఒక నెలాఖరు మీరు లేనట్టుగా జరిగిపోతే కేటీ అయినట్టు. అప్పుడు ఏమేమి అప్పజెప్పారో లిస్టు రాసి మేనేజర్‌కి మెయిల్ పెట్టి "సరిపోయిందా, ఇంకేమైనా ఉందా" అని అడగండి. ఆయన ఓకే అని రిప్లై ఇస్తే అది దాచుకోండి. రేపు ఏదైనా కూలితే "వాడు సరిగ్గా అప్పజెప్పలేదు" అనే మాట మీ మీదకి రాదు.

మీ చోట వచ్చేవాళ్లు దొరకలేదా? అది కంపెనీ తలనొప్పి, మీది కాదు. డాక్యుమెంట్ రాసి, ఉన్నవాళ్లలో ఒకరికి చెప్పి, తేదీకి వెళ్లిపోండి. మంచి పేరు కోసం కొత్త కంపెనీకిచ్చిన తేదీ తప్పితే ఉన్న మంచితనమంతా ఒకే చోట ఖర్చయిపోతుంది.

వెళ్లేముందు హెచ్‌ఆర్ కూర్చోబెట్టి అడిగే ఎగ్జిట్ ఇంటర్వ్యూ గురించి ఎక్కువ అక్కర్లేదు. రాత్రంతా కూర్చుని పాత లెక్కలు తేల్చుకునే చోటు కాదది. మార్చగలిగిన సంగతి ఒకటో రెండో చెప్పండి, షిఫ్ట్ క్యాబ్ సమస్యో, అప్రైజల్ ఆలస్యమో. మనుషుల పేర్లు తీసుకుని తిట్టకండి. వేధింపు లాంటిది నిజంగా జరిగి ఉంటే దానికి ఎగ్జిట్ ఫారం చాలదు, ఉండగానే అలాంటి ఫిర్యాదులు చూసే కంపెనీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి.

చివరి రోజు

ల్యాప్‌టాప్, చార్జర్, యాక్సెస్ కార్డు, హెడ్‌సెట్, అన్నీ ఇచ్చి రసీదు లేదా మెయిల్ తీసుకోండి. ఏడొందల హెడ్‌సెట్ కోసం సెటిల్‌మెంట్, అంటే చివర్లో రావాల్సిన డబ్బు, ఆగిన కథలు నా దగ్గర ఉన్నాయి. కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకోవడం, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం అసలు వద్దు, "నేను రాసిన కోడే కదా" అన్నా సరే. అది మీరు రాశారు, కానీ మీది కాదు. చివరి నెలలో మీ మెయిల్ మీద ఐటీ వాళ్ల కన్ను మామూలు కన్నా ఎక్కువ ఉంటుంది. తీసుకోవాల్సినవి మీ పేస్లిప్పులు, ఫారం 16, అప్రైజల్ లెటర్లు. లాగిన్ పోయాక వాటికోసం బతిమాలుకోవాలి.

వీడ్కోలు మెయిల్ చిన్నగా పెట్టండి. అంతకన్నా ముఖ్యం, సెక్యూరిటీ అన్న దగ్గర నుంచి ప్యాంట్రీలో చాయ్ ఇచ్చే అక్క దాకా నడిచి వెళ్లి చెప్పిరండి. ఇది పేరు కోసం చెప్పడం లేదు, ఊరికే చెబుతున్నాను.

వెనకాల వాళ్లు ఏం అడుగుతారు

కొత్త కంపెనీ వెరిఫికేషన్ ఏజెన్సీ మీ పాత హెచ్‌ఆర్‌కి ఒక ఫారం పంపుతుంది. చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా, జీతం, ఎందుకు వెళ్లారు, ఎగ్జిట్ పనులన్నీ పూర్తయ్యాయా. వీటి కింద చాలా ఫారాల్లో ఒక గడి ఉంటుంది: ఈ వ్యక్తిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారా? అవును, కాదు, అంతే. మీ మూడేళ్లు ఆ ఒక్క గడిలోకి వచ్చి కూర్చుంటాయి, దాన్ని నింపే హెచ్‌ఆర్‌కి మీ మొహం కూడా గుర్తుండకపోవచ్చు, సిస్టమ్‌లో మీ మేనేజర్ వెళ్లేటప్పుడు ఏం టిక్ పెట్టాడో అదే దింపేస్తుంది.

పీఎఫ్ కూడా చెబుతుంది. 2014లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు వచ్చాక ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒకటే, పన్నెండంకెలు. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో అందులో వరసగా కనిపిస్తుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించేస్తాం, పేస్లిప్పులు కూడా మేమే ఇస్తాం" అనేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఫేక్ పెట్టుకుని నెగ్గుకొచ్చినవాళ్లు ఉన్నారు, కాదనను, కానీ పదేళ్ల తర్వాత కూడా కంపెనీ మారిన ప్రతిసారీ నిద్రపట్టని వారం ఒకటి వాళ్లకి ఉంటుంది. రెండు చోట్ల ఒకేసారి పనిచేయడమూ అంతే. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్న 300 మందిని తీసేశామని బహిరంగంగానే చెప్పారు. రాత్రిపూట వేరేవాళ్లకి జాబ్ సపోర్ట్ ఇస్తే, అంటే డబ్బు తీసుకుని వాళ్ల ఉద్యోగం పనిలో సాయం చేస్తే, అది పీఎఫ్‌లో కనపడదు కదా అంటారేమో, కనపడదు, కానీ పొద్దున మీటింగ్‌లో మీ కళ్లు కనపడతాయి.

వెళ్లిన రెండు నెలలకి పీఎఫ్ పోర్టల్ తెరిచి, పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ పెట్టిందో లేదో చూడండి. పెట్టకపోతే రెండు నెలలు దాటాక మీరే ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు. ఆ తేదీ లేకపోతే మీరు ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపించి, తర్వాతి వెరిఫికేషన్‌లో లేనిపోని ప్రశ్నలొస్తాయి. డబ్బు తీయకుండా ట్రాన్స్‌ఫర్ చేసుకోండి, ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

ఇప్పటికే చెడిపోయి ఉంటే

చాలామందిది ఇదే పరిస్థితి, నాది కూడా. 2017లో ఒక పెద్ద కంపెనీలో మూడు రౌండ్లు అయ్యాయి, జీతం కూడా మాట్లాడుకున్నాం, తర్వాత చప్పుడు లేదు. రెండు వారాలకి అక్కడే పనిచేసే ఫ్రెండ్ ఫోన్ చేసి, "మా ఫ్లోర్‌లో ఒకాయన నిన్ను తెలుసన్నాడు, ఏదో ఎక్సెల్ షీట్ అంటున్నాడు, ఏం చేశావురా" అన్నాడు. ఆరేళ్లు. ఆయన నా పేరు మర్చిపోయినా ఆ షీట్‌ని మర్చిపోలేదు.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది రికార్డు సరిచేసుకోవడం. బకాయి నోటీస్ డబ్బులుంటే కట్టేస్తామని పాత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, చాలా కంపెనీలు డబ్బు కట్టించుకుని రిలీవింగ్ లెటర్ ఇచ్చేస్తాయి. కొత్త ఇంటర్వ్యూల్లో అడిగితే దాచకండి, "అప్పుడు సరిగ్గా రాలేదు, తప్పు నాదే, తర్వాత రెండు చోట్ల పూర్తి నోటీస్ చేశాను" అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోండి. వాళ్లకి తర్వాత తెలియడం కన్నా మీ నోట ముందే వినడం మేలు.

రెండోది కష్టమైనది, మనిషికి సారీ చెప్పడం. ఉద్యోగం కావాల్సినప్పుడు కాదు, ఏమీ అక్కర్లేనప్పుడు. అవసరం పడ్డాక చెప్పే సారీకి విలువ ఉండదు, అది దరఖాస్తు అవుతుంది. నేను 2019లో, ఉద్యోగం స్థిరంగా ఉన్న రోజుల్లో, రాయదుర్గం నుంచి మియాపూర్ వెళ్లడానికి అమీర్‌పేటలో మెట్రో మారుతూ, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, ఆ షీట్‌ని మర్చిపోని ఆయనకే మెసేజ్ పెట్టాను. అప్పుడు చేసింది తప్పని, టీమ్ రెండు రాత్రులు కూర్చుందని తర్వాత తెలిసిందని, ఏమీ అడగడానికి కాదని రాశాను. కారణాలు రాయలేదు, హైక్ గురించి అసలే రాయలేదు.

మియాపూర్ దిగేసరికి రిప్లై వచ్చింది. "బాగున్నావా? ఎక్కడ చేస్తున్నావ్ ఇప్పుడు? పిల్లలెంతమంది?" దాని కింద ఇంకో మెసేజ్: "ఇంతకీ ఆ షీట్ పాస్‌వర్డ్ ఏంటి?"

ఎంత ఆలోచించినా నాకు గుర్తురాలేదు.